మత్తు వ్యసనం: నిషేధం, శిక్ష, చికిత్సల మధ్య తొంభై ఏళ్ల వాదం

మత్తు వ్యసనం మీద దక్షిణాదిన సాగుతున్న వాదానికి పుట్టినరోజు ఉంది. 1937 అక్టోబర్ 1న అప్పటి సేలం జిల్లాలో కల్లు, సారా దుకాణాలు మూతపడ్డాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో మద్యనిషేధం చట్టంగా అమలైన మొదటి జిల్లా అదే. అప్పటి ప్రధానమంత్రి (ముఖ్యమంత్రిని ఆ రోజుల్లో అలాగే పిలిచేవారు) సి. రాజగోపాలాచారి సొంత జిల్లా కూడా అదే. నేటి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు ఆనాడు సేలంలో భాగాలు. ధర్మపురి విడివడింది 1965 అక్టోబర్ 2న. షెవరాయ్ కొండలకూ చిత్తేరి కొండలకూ నడుమ ఉన్న పాపిరెడ్డిపట్టి, దాని పక్కనున్న హరూరు, ఎగువన తెలుగు ఎక్కువగా వినిపించే హోసూరు ప్రాంతం, ఇవన్నీ ఆ మొదటి ప్రయోగంలో పాలుపంచుకున్న ఊళ్లే. మరుసటి ఏడు నిషేధం చిత్తూరు, కడప జిల్లాలకు పాకింది. అంటే తెలుగువారికి ఈ వాదంలో మొదటి అధ్యాయం నుంచే చోటుంది.

ఆనాటి ప్రశ్న ఒక్కటే: దుకాణం ఉండాలా, వద్దా? ఇప్పుడది అనేక పాయలుగా చీలింది. తాగేవాడు నేరస్థుడా, రోగియా? గంజాయికీ బ్రాందీకీ చట్టంలో ఇంత తేడా ఎందుకు? మందుల షాపులో దొరికే మాత్ర మత్తుమందు ఎప్పుడవుతుంది? ఖజానా నింపే సరుకును ఖజానాయే ఆపగలదా? ఈ పాయల్లో దేని గురించి మాట్లాడుతున్నారో చెప్పకుండానే మాట్లాడటం వల్ల చిక్కు మరింత పెరిగింది.

మాటలోనే రెండర్థాలు

‘వ్యసనం’ అన్న మాటకు తెలుగులో రెండు ముఖాలున్నాయి. ఒకటి దుర్గుణం: జూదం, పానం, వేట వంటివాటిని సప్తవ్యసనాలుగా లెక్కించిన సంప్రదాయం అందరికీ తెలిసిందే. రెండోది ఆపద, దుఃఖం. పాత కావ్యభాషలో ‘వ్యసనపడటం’ అంటే బాధపడటమే. వ్యసనం చేసిన తప్పా, వచ్చిన ఆపదా అన్న వాదమంతా ఆ ఒక్క పదంలో ముందే ఇమిడి ఉంది.

వైద్యశాస్త్రం ఈ రెంటినీ పక్కనపెట్టి లక్షణాలు చూస్తుంది. వాడకం, హానికరమైన వాడకం, ఆధారపడటం అని మూడు మెట్లుగా విడదీస్తుంది. మూడో మెట్టుకు గుర్తులు ఇవి: మోతాదు పెంచితే తప్ప పాత మత్తు రాకపోవడం, మానితే ఒళ్లు తిరగబడటం, తగ్గించాలనుకున్నా తగ్గించలేకపోవడం, పని, సంసారం, ఆరోగ్యం దెబ్బతింటున్నా ఆగలేకపోవడం. మెదడులో తృప్తిని నమోదుచేసే వ్యవస్థను డోపమైన్ అనే రసాయనం నడిపిస్తుంది. మత్తు పదార్థాలు దాన్ని మామూలుకు మించి రేపుతాయి. పదేపదే రేగిన ఆ వ్యవస్థ క్రమంగా మొద్దుబారుతుంది. తిండి, స్నేహం, పని ఇచ్చే చిన్న తృప్తులు చప్పబడిపోతాయి. ముందుచూపుతో ఆగమని చెప్పే నుదుటి వెనుక భాగం బలహీనపడుతుంది. ఆ భాగం ఇరవై ఏళ్లు దాటాక కానీ పూర్తిగా ఎదగదు. పదిహేనో ఏట మొదలైన అలవాటు ముప్పయ్యో ఏట మొదలైనదానికన్నా గట్టిగా పట్టుకోవడానికి ఇదొక కారణం.

వాడిన ప్రతివారూ వ్యసనపరులు కారు. ఈ మాట ప్రచార సభల్లో సాధారణంగా వినిపించదు. 1994లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ విశ్లేషణ ప్రకారం, ఎప్పుడైనా వాడినవారిలో ఆధారపడే దశకు చేరినవారు పొగాకు విషయంలో దాదాపు 32 శాతం, హెరాయిన్‌లో 23, కొకైన్‌లో 17, మద్యంలో 15, గంజాయిలో 9 శాతం. చట్టం అనుమతించిన పొగాకు ఈ వరుసలో అన్నిటికన్నా పైన ఉంది.

ఏది ఏం చేస్తుంది

మనుషులను చంపే లెక్కలో మద్యానిది పెద్ద వాటా. 2019లో ప్రపంచవ్యాప్తంగా మద్యం వల్ల 26 లక్షల మంది, ఇతర మత్తుమందుల వల్ల 6 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాలేయంలో కొవ్వు, వాపు, చివరికి అది గట్టిపడిపోవడం (సిరోసిస్) అందరూ ఎరిగిన దారి. అంతగా తెలియనిది, మద్యం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే తేల్చడం. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. రోడ్డు ప్రమాదాలు, ఇంట్లో కొట్లాటలు, ఆత్మహత్యలు ఈ లెక్కకు అదనం.

రోజూ తాగేవారు హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. చివరి గుక్క తర్వాత కొన్ని గంటలకే చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి సన్నిపాతం కమ్ముతుంది: లేనివి కనిపిస్తాయి, మనుషులను గుర్తుపట్టరు, గుండె లయ తప్పుతుంది. ‘మొండిగా మానేస్తే సరి’ అని బంధువులు ఇచ్చే సలహా కొందరి విషయంలో చికిత్స లేని జబ్బుకన్నా ప్రమాదం. థయామిన్ ఇంజెక్షన్లు, క్రమంగా తగ్గించే మాత్రలు ఇస్తూ వైద్యుల పర్యవేక్షణలో మాన్పించడం ఇందుకే.

నాటుసారాది వేరే కథ. బెల్లం ఊటకు తుమ్మచెక్క వేసి కాచిన సారా కూడా హానికరమే అయినా, సామూహిక మరణాలకు కారణం సాధారణంగా అది కాదు. ఘాటు కోసం, లాభం కోసం కలిపే మిథనాల్. ఇది పరిశ్రమల్లో వాడే ద్రావకం. శరీరంలో ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటినరాన్ని కాలుస్తుంది, రక్తాన్ని ఆమ్లమయం చేస్తుంది. లక్షణాలు చాలాసార్లు పన్నెండు గంటలు దాటాక గానీ బయటపడవు. ఈలోగా అదే పీపాలోంచి ఊరంతా తాగేసి ఉంటుంది. 2008 మే నెలలో బెంగళూరు, కోలారు, కృష్ణగిరి ప్రాంతాల్లో 150 మందికి పైగా, 2023 మేలో మరక్కాణం, చెంగల్పట్టు ప్రాంతాల్లో ఇరవై మందికి పైగా, 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలోని కరుణాపురం పరిసరాల్లో 65 మందికి పైగా ఇలాగే చనిపోయారు. కళ్లకురిచ్చికి పైన ఉన్న కల్వరాయన్ కొండలకు మరోవైపున సేలం, ధర్మపురి జిల్లాలున్నాయి. ఆ ఘటన తర్వాత తమిళనాడు ప్రభుత్వం చట్టాన్ని సవరించి, కల్తీసారా వల్ల మరణం సంభవిస్తే యావజ్జీవ ఖైదు దాకా శిక్ష పెంచింది.

గంజాయి విషయంలో అతిశయోక్తులు రెండువైపులా ఉన్నాయి. అది ఏమీ చేయదనేవారూ ఉన్నారు. ఒక్క దమ్ముతో పిచ్చెక్కుతుందనేవారూ ఉన్నారు. పరిశోధనలు చెప్పేది నడిమి మాట. మోతాదు మించి చావడం చాలా అరుదు. కానీ చిన్నవయసులో మొదలుపెట్టి, ఘాటైన రకాన్ని రోజూ పీల్చేవారిలో భ్రమలు, అనుమానాలతో కూడిన మానసిక వ్యాధి వచ్చే అవకాశం స్పష్టంగా పెరుగుతుంది. ఇంట్లో అలాంటి జబ్బు ఉన్నవారికి అది మరీ ఎక్కువ. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో పండే ‘శీలావతి’ రకానికి తమిళనాడులో, అక్కడి నుంచి శ్రీలంక దాకా గిరాకీ ఉంది. విశాఖ వైపు నుంచి కోయంబత్తూరు, కేరళ వెళ్లే రైళ్లు జోలార్‌పేట, బొమ్మిడి మీదుగానే సాగుతాయి. బొమ్మిడి పాపిరెడ్డిపట్టికి దగ్గరి స్టేషను. ఆంధ్ర పోలీసులు 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల్లో తోటలు నరికించి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి వద్ద రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తోట నరికిన గిరిజన రైతుకు కాఫీ, మిరియాలు, రాజ్‌మా వంటి పంటలకు సాయం అందేదాకా ఆ తోట మళ్లీ మొలవకుండా ఆగదు.

తెలుగునేల మీద బాగా పాతుకుపోయిన వ్యసనం కల్తీకల్లు. చెట్టు కల్లు చాలనప్పుడు నీళ్లలో శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఇటీవల అల్ప్రాజోలామ్ కలిపి తయారుచేస్తారు. తాగేవారు తాము అలవాటుపడింది కల్లుకనే అనుకుంటారు. నిజానికి అలవాటుపడింది నిద్రమాత్రకు. 2015 సెప్టెంబర్‌లో తెలంగాణలో దాడులు జరిగి కల్తీ సరుకు ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది వణుకు, మూర్ఛలు, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు చేరారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు మరణించారు. ఈ రెండు ఘటనలూ కలిపి చదవాలి. మొదటిది సరఫరా ఆపితే వచ్చిన జబ్బు. రెండోది ఆపకపోతే వచ్చిన చావు.

నల్లమందు నుంచి వచ్చే హెరాయిన్, నొప్పి మాత్రలుగా తయారైన ట్రమడాల్, టపెంటడాల్ వంటివి మోతాదు మించితే ఊపిరిని ఆపేస్తాయి. నాలోక్సోన్ అనే మందు సకాలంలో ఇస్తే మనిషి బతుకుతాడు. మాత్రలను నీళ్లలో కరిగించి సూదితో ఎక్కించుకునే అలవాటు తమిళనాడు పట్టణాల్లో పోలీసులకూ వైద్యులకూ కొత్త తలనొప్పి. ఒకే సూది పలువురు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్–సి తోడవుతాయి. ఇక వైట్‌నర్, పంక్చర్ జిగురు పీల్చడం పేదపిల్లల మత్తు. 2019 జాతీయ సర్వేలో పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం.

దుకాణం మూసిన చరిత్ర, తెరిచిన చరిత్ర

1937 నాటికి మద్రాసు ప్రభుత్వానికి ఆబ్కారీ ఆదాయం ప్రాణవాయువు. దాన్ని వదులుకోవడానికి రాజాజీ వెతికిన దారి 1939 నాటి సాధారణ అమ్మకపు పన్ను. ఈ దేశంలో సరుకుల మీద అమ్మకపు పన్ను అన్నింటికీ వర్తించేలా మొదట వచ్చింది మద్యం డబ్బు లోటు పూడ్చుకోవడానికే. మద్యనిషేధం తర్వాత ఆగిపోయింది. అమ్మకపు పన్ను మాత్రం ఆగలేదు. చివరికి ప్రభుత్వాలకు రెండూ దక్కాయి.

రాజాజీ మంత్రివర్గం 1939లో రాజీనామా చేసింది. గవర్నర్ పాలనలో 1944 ఆరంభంలో నిషేధం ఎత్తేశారు. యుద్ధం ముగిశాక మళ్లీ జిల్లా వెంట జిల్లాగా తెచ్చి, 1948 అక్టోబర్ 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వర్తింపజేశారు. రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తుపానీయాల, హానికర మందుల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని రాశారు.

ఆంధ్ర రాష్ట్రం 1953లో ఆ నిషేధాన్ని వారసత్వంగా పొందింది. ఎంతకాలం? ఎస్.వి. రామమూర్తి కమిటీ నిషేధం విఫలమైందని, ఎత్తేయాలని సిఫారసు చేసింది. ప్రకాశం ప్రభుత్వం ఆ సిఫారసు అమలు చేయలేదన్న వాదనతో వచ్చిన అవిశ్వాసంలో 1954 నవంబర్‌లో ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. కల్లు మీద ప్రభుత్వం పడిపోవడం తెలుగు రాజకీయాల్లో తర్వాత కాలానికి ముందస్తు సూచన లాంటిది. 1960ల చివరికి ఆంధ్రలోనూ, 1971లో కరుణానిధి హయాంలో తమిళనాడులోనూ సడలింపు వచ్చింది. తమిళనాడు రెండు మూడేళ్లకే వెనక్కు తగ్గింది, ఎం.జి.ఆర్. 1981లో మళ్లీ తెరిచారు. 1983లో ప్రభుత్వ మద్యం వ్యాపార సంస్థ టాస్మాక్ పుట్టింది. 2003 నవంబర్‌లో చిల్లర అమ్మకం కూడా దాని చేతికే వచ్చింది. 2023–24లో టాస్మాక్ ద్వారా రాష్ట్రానికి వచ్చిన ఆదాయం 45 వేల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ దుకాణాలకు లైసెన్సు నిబంధనలు 1937 నాటి మద్యనిషేధ చట్టం కిందనే తయారయ్యాయి. నిషేధ చట్టం కింద అమ్మకం సాగడమన్న వింత న్యాయపుస్తకాల్లో తక్కువగా దొరుకుతుంది. తెలుగు రాష్ట్రాల్లో కూడా శాఖ పేరు ‘మద్యనిషేధ, ఆబ్కారీ’యే.

1991–92లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో పుట్టిన ఆ కదలిక జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధం దాని ఫలితాలే. 1997లో సంపూర్ణ నిషేధం పోయింది. సారా నిషేధం మిగిలింది. తమిళనాడులో సేలానికి చెందిన గాంధేయవాది శశిపెరుమాళ్ 2015 జూలై 31న ఒక టాస్మాక్ దుకాణం తొలగించాలంటూ సెల్ టవరెక్కి నిరసన చేస్తూ ప్రాణం కోల్పోయారు. ధర్మపురి ప్రాంతంలో బలమున్న పాట్టాళి మక్కళ్ కట్చి మద్యనిషేధాన్ని తన ప్రధాన డిమాండుగా నిలిపింది. జాతీయ రహదారులకు 500 మీటర్లలోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబర్‌లో ఇచ్చిన తీర్పు ఆ పార్టీ న్యాయవాది వేసిన కేసు నుంచి వచ్చింది.

గంజాయి, నల్లమందుల చరిత్ర వేరే దారిలో నడిచింది. బ్రిటిషు ప్రభుత్వం వేసిన గంజాయి కమిషన్ 1893–94లో వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మితంగా వాడితే పెద్ద హాని లేదు, అతి వాడకమే హాని, పూర్తి నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెట్టాలి అని తేల్చింది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో సంతకం చేస్తూ భారత్ గంజాయి వాడకాన్ని క్రమంగా ఆపడానికి గడువు కోరుకుంది. ఆ గడువు తీరేలోగా 1985లో మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) వచ్చింది. భంగు అంటే ఆకు మాత్రం చట్టం నుంచి తప్పించుకుంది. పూత, జిగురు నేరమయ్యాయి. 1989లో శిక్షలు మరింత కఠినమై, 2001లో కొద్దిపాటి మోతాదు, వాణిజ్య మోతాదు అన్న తేడా వచ్చింది. గంజాయికి కిలో లోపు కొద్దిపాటిది. 20 కిలోలు దాటితే వాణిజ్యం.

నాలుగు వాదాలు

మొదటిది నిషేధవాదం. అందుబాటు తగ్గితే వాడకం తగ్గుతుందని దీని నమ్మకం. ఇందులో నిజముంది. బీహార్ 2016 నిషేధం మీద 2024లో లాన్సెట్ కుటుంబ పత్రికలో వచ్చిన అధ్యయనం రోజూ, వారంవారం తాగడం తగ్గిందని, భర్తల హింస తగ్గిందని చూపింది. దూబగుంట స్త్రీలు అడిగింది కూడా ఆ హింస నుంచి విముక్తే. మరోవైపు, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో కూడా బీహార్‌లో 15 శాతానికి పైగా పురుషులు తాగుతున్నారు; 2022 డిసెంబర్‌లో సారణ్ జిల్లాలో కల్తీసారాకు డెబ్బై మందికి పైగా బలయ్యారు; నిషేధం కేసులతో కోర్టులు నిండిపోయాయి. నిషేధం తాగేవారి సంఖ్యను తగ్గిస్తుంది, తాగేవాడి ముప్పును పెంచుతుంది. ఈ రెండింటిలో ఏది బరువో తూచే తక్కెడ ఇంకా ఎవరి దగ్గరా లేదు.

రెండోది శిక్షావాదం. మత్తుమందు వ్యాపారానికి కఠినశిక్ష వేయాలనడంలో అభ్యంతరం లేదు. చిక్కంతా వాడేవాడితో వస్తుంది. ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ ప్రకారం వాడటమే నేరం. మందును బట్టి ఆరు నెలలు లేదా ఏడాది దాకా జైలు. పోలీసులకు రవాణా ముఠా పెద్దలకన్నా జేబులో పొట్లం పెట్టుకున్న కుర్రాడు సులువుగా దొరుకుతాడు. అరెస్టుల లెక్కలో ఇద్దరూ ఒక్కటే. జైలు అనుభవం ఆ కుర్రాడిని మాన్పించిందని చూపే బలమైన ఆధారాలు లేవు.

మూడోది రోగవాదం. వ్యసనం జబ్బు అన్న ఊహ 18వ శతాబ్దం చివర అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ నాటిది. 1956లో అమెరికా వైద్యసంఘం మద్యవ్యసనాన్ని వ్యాధిగా ఒప్పుకుంది; 1997లో అలన్ లెష్నర్ వ్యసనం మెదడు వ్యాధి అని వాదించిన వ్యాసంతో ఈ పక్షానికి పదును వచ్చింది. ఈ దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక అనారోగ్య నిర్వచనంలోనే చేర్చింది. అంటే ఒకే పార్లమెంటు చేసిన రెండు చట్టాల్లో ఒకే మనిషి ఒకచోట రోగి, మరొకచోట నేరస్థుడు. రోగవాదానికి విమర్శకులూ ఉన్నారు. జీన్ హేమన్, మార్క్ లూయిస్ వంటివారు చాలామంది వ్యసనపరులు ఏ చికిత్సా లేకుండానే కాలక్రమంలో మానుతున్నారని, జబ్బు అనే ముద్ర వాళ్ల సొంత పట్టుదలను తక్కువ చేస్తుందని అంటారు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడిన అమెరికా సైనికుల్లో ఎక్కువమంది ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ దాని జోలికి పోలేదని లీ రాబిన్స్ 1970లలో చూపించారు. పరిసరం మారితే వ్యసనమూ మారవచ్చన్నది ఆ పరిశోధన అసలు సందేశం.

నాలుగోది హాని తగ్గింపువాదం. మానమని అడగకుండా, ముందు చావకుండా చూడాలంటుంది ఇది: శుభ్రమైన సూదులు, నాలుక కింద పెట్టే బుప్రినార్ఫిన్ మాత్రలు, నాలోక్సోన్. మణిపూర్‌లో హెచ్‌ఐవీ అడ్డుకోవడంలో ఇది పనికొచ్చింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2007 నుంచి ప్రత్యామ్నాయ చికిత్సను తన కార్యక్రమంలో చేర్చింది. పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి ఉంచుకున్న మందును నేరాల పట్టిక నుంచి తీసేసి, పట్టుబడినవారిని వైద్యులు, సామాజిక కార్యకర్తలున్న సంఘం ముందుకు పంపింది. ఆ దేశంలో సూదుల ద్వారా హెచ్‌ఐవీ బాగా తగ్గింది. ఇక్కడి సభల్లో పోర్చుగల్ పేరు ఎత్తేవారు ఒక విషయం మరిచిపోతారు: ఆ దేశం శిక్ష తీసేయడంతో పాటు చికిత్స మీద డబ్బు పెట్టింది. ఒకటి చేసి రెండోది మానేస్తే ఫలితం అదే రాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగు వాదాలకూ చూపు ఒక్కో చోట ఆగింది. నిషేధవాదం దుకాణాన్ని చూస్తుంది, శిక్షావాదం సరుకును, రోగవాదం మెదడును, హాని తగ్గింపువాదం ఇవాళ్టి ప్రాణాన్ని. ఇంటిని, కూలిడబ్బును, తాగేవాడి భార్యాపిల్లలను నేరుగా చూసింది మొదటి వాదమే. అందుకే ఓట్ల బలం కూడా దానికే. ఆధారాల బలం మాత్రం రోగవాదం, హాని తగ్గింపువాదాల వైపు ఎక్కువగా ఉంది. రాజకీయం ఒకవైపు, వైద్యం మరోవైపు లాగుతున్నంత కాలం ఏ ప్రభుత్వమూ రెండు పక్షాలకూ పూర్తిగా దొరకదు.

చికిత్స: తక్కువ వాదించినది, తక్కువ అందినది

చికిత్సకు మొదటిమెట్టు ఒంట్లోని మత్తును దించడం, అంటే మాన్పించేటప్పటి ఉపద్రవాలను అదుపుచేయడం. అది వారం పది రోజుల పని. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది: నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్, డైసల్ఫిరామ్ వంటి మందులు, కౌన్సెలింగ్, ఆల్కహాలిక్స్ అనానిమస్ వంటి తోటివారి సంఘాలు, కుటుంబం. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ మద్యవ్యసన చికిత్సలో కుటుంబాన్ని కూడా కలుపుకోవడంలో, గ్రామాల్లో శిబిరాలు పెట్టడంలో దేశానికి దారి చూపింది. బెంగళూరు నిమ్హాన్స్ వ్యసన విముక్తి కేంద్రం ధర్మపురి, కృష్ణగిరి చుట్టుపక్కల జిల్లాల నుంచి వెళ్లదగిన పెద్ద ఆసరా.

తిరిగి తాగడాన్ని చాలా కుటుంబాలు చికిత్స విఫలమైనట్టుగా భావిస్తాయి. వ్యసనంలో తిరగబెట్టే రేటు 40 నుంచి 60 శాతం. రక్తపోటు, ఉబ్బసం రోగుల్లో జబ్బు తిరగబెట్టే రేటుకు ఇది దగ్గరగానే ఉంటుంది. ఉబ్బసం తిరగబెట్టిన మనిషిని ఎవరూ ఇంట్లోంచి వెళ్లగొట్టరు.

అందుబాటు సంగతి చూస్తే వాదాలన్నీ చిన్నబోతాయి. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 186 జిల్లాల్లో జరిపి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే లెక్క ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారు, పురుషుల్లో 27.3, స్త్రీలలో 1.6 శాతం. తాగుడు వల్ల సాయం అవసరమయ్యే స్థితికి చేరినవారు 5.7 కోట్లు. మద్యానికి ఆధారపడ్డ ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేర్చుకున్న చికిత్స 180 మందిలో ఒకరికి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మద్యం తాగే పురుషులు దేశంలో సగటున 18.8 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 23.3, తమిళనాడులో 25.4, తెలంగాణలో 43.3 శాతం. ఈ చివరి అంకె ముందు తెలుగు రాష్ట్రాల మద్యవిధానాల మీద జరిగే చర్చ చాలావరకు దుకాణాల వేలం గురించే ఉండటం విచిత్రం.

చికిత్స అందని ఖాళీలో లైసెన్సులేని ప్రైవేటు ‘డీ–అడిక్షన్’ కేంద్రాలు పుట్టుకొచ్చాయి. గదిలో బంధించి, కొట్టి మాన్పించడం వైద్యం కాదు. 2017 చట్టం కింద అది నేరమే.

తేలనివి

సొంత వాడకానికి శిక్ష ఉండాలా అన్నది ఇప్పటికీ తేలలేదు. రెండోది డబ్బు. మద్యం ఆదాయం మీద ఆధారపడిన రాష్ట్రాలు ఆ డబ్బులో ఎంత భాగాన్ని చికిత్సకు కేటాయించాలో చెప్పే నియమం లేదు. రాజాజీ 1939లో ప్రత్యామ్నాయ పన్ను చూపించిన తర్వాత, అంతటి ఆర్థిక ఆలోచన ఏ ప్రభుత్వమూ చేయలేదనడం అన్యాయం కాదు. మూడోది మందుల షాపు. అల్ప్రాజోలామ్, టపెంటడాల్ అవసరమైన రోగులకు అందాలి, కల్లు తయారీదారులకు అందకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధ్యమయ్యే ఏర్పాటు ఇంకా కాగితం మీదే ఉంది. నాలుగోది స్థానిక లెక్క. జాతీయ సర్వేలు మహా అయితే జిల్లాస్థాయి దాకా చూపుతాయి. కల్వరాయన్, చిత్తేరి కొండల్లో ఎంతమంది ఏం తాగుతున్నారో, ఎందుకు తాగుతున్నారో తెలిపే లెక్క లేకుండా అక్కడికి పంపే పోలీసు బృందాలూ వైద్య శిబిరాలూ ఊహ మీదే నడుస్తాయి.

తేలిన సంగతి ఒకటుంది, వాడుకలోకి రాకపోయినా. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా కొద్దిపాటి మోతాదుకు సంబంధించిన నేరం మోపబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే ఆ కేసు నడపరు. చికిత్స మధ్యలో వదిలేస్తే మాత్రం ఆ రక్షణ పోతుంది. ఏ కేంద్రానికి వెళ్లాలో చెప్పే జాతీయ సహాయ ఫోను నంబరు 14446. దానికి రుసుము లేదు.